జీరో 2 డబ్ల్యూలో పైఆడియో, పోర్ట్‌ఆడియో, ఆల్సా డెవ్ ప్యాకేజీలు: ఏ వరసలో వేయాలి?

సాయికిరణ్_ఈసీఈ (ఘట్‌కేసర్)

అందరికీ నమస్కారం. బోర్డు రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ, 512 ఎంబీ ర్యామ్. ఓఎస్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్ లైట్ (డెస్క్‌టాప్ లేనిది), 64 బిట్. మైకు ఐఎన్‌ఎంపీ441, యాంప్లిఫయర్ మ్యాక్స్98357ఏ, దానికి 4 ఓమ్‌ల చిన్న స్పీకరు. పైథాన్‌లో పైఆడియో లైబ్రరీతో (అది పోర్ట్‌ఆడియో అనే సీ లైబ్రరీ మీద, అది లినక్స్ శబ్ద వ్యవస్థ ఆల్సా మీద నడుస్తుంది) 16,000 హెర్ట్జ్, మోనో, 16 బిట్ రికార్డింగ్ కావాలి. తర్వాత అదే పని సీ++లోకి మారుస్తాను.

పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో పిప్ ఇన్‌స్టాల్ పైఆడియో అంటే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఆపేసింది. వీఎన్వ్ (ప్రాజెక్టుకు విడి పైథాన్ ఫోల్డరు) తయారుచేసి అందులో వేస్తే ఇది వస్తోంది:

ఫేటల్ ఎర్రర్: పోర్ట్‌ఆడియో.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ

లిబ్‌పోర్ట్‌ఆడియో2 ఉందని ఓఎస్ ప్యాకేజీలు వేసే ఆప్ట్ చెబుతోంది. ఉన్నది ఎందుకు దొరకడం లేదు? సోర్సు తెచ్చి బోర్డు మీదే బిల్డ్ చేయాలా? పిప్‌కు ఆ అడ్డు దాటించే --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ జెండా పెట్టమంటున్నారు కొందరు, పెట్టవచ్చా?

పద్మజ_ఎంబెడెడ్ (సైనిక్‌పురి)

సాయికిరణ్ గారూ, లిబ్‌పోర్ట్‌ఆడియో2లో ఉండేది ప్రోగ్రాం నడిచేటప్పుడు కావలసిన .ఎస్ఓ ఫైలు మాత్రమే. కంపైల్ చేసేటప్పుడు కావలసిన హెడర్లు, లింకర్ వెతికే ఫైళ్లు పోర్ట్‌ఆడియో19-డెవ్‌లో ఉంటాయి. పైఆడియోకు లినక్స్ కోసం సిద్ధంగా కట్టిన వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) పిప్ వెతికే పైపీలో లేదు. అందుకే పిప్ మీ బోర్డు మీదే సీ కోడ్‌ను కంపైల్ చేయబోయి హెడరు దొరక్క ఆగిపోతోంది.

ఇది వేయండి:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ పీకేజీ-కాన్ఫిగ్ పైథాన్3-డెవ్ పైథాన్3-వీఎన్వ్ ఆల్సా-యుటిల్స్ లిబ్‌ఏసౌండ్2-డెవ్ పోర్ట్‌ఆడియో19-డెవ్

పైథాన్3-డెవ్ వదిలేయకండి. అది లేకపోతే పోర్ట్‌ఆడియో.హెచ్ గొడవ తీరగానే పైథాన్.హెచ్ లేదని మళ్లీ ఆగుతుంది. తర్వాత వీఎన్వ్‌లోకి వెళ్లి పిప్ ఇన్‌స్టాల్ పైఆడియో.

అసలు కంపైల్ చేయకుండానే పని జరిగే దారి కూడా ఉంది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-పైఆడియో అని వేసి, వీఎన్వ్‌ను --సిస్టమ్-సైట్-ప్యాకేజెస్ జెండాతో తయారుచేస్తే ఆ పైఆడియో వీఎన్వ్ లోపలా కనిపిస్తుంది. 512 ఎంబీ బోర్డుకు నేను ముందుగా చెప్పేది ఇదే.

--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ వద్దు. ఆప్ట్ పెట్టిన పైథాన్ ప్యాకేజీలతో పిప్ తెచ్చినవి కలిసిపోతే, తర్వాత ఏ అప్‌గ్రేడ్‌లో ఏది విరుగుతుందో చెప్పలేం.

పోర్ట్‌ఆడియో సోర్సు నుంచి బిల్డ్ చేయడం మీ అవసరానికి అనవసరం. చేసేవాళ్లు కూడా ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. లిబ్‌ఏసౌండ్2-డెవ్ లేకుండా కాన్ఫిగర్ నడిపితే ఆల్సా లేని పోర్ట్‌ఆడియో తయారవుతుంది. బిల్డ్ ఏ ఎర్రరూ లేకుండా పూర్తవుతుంది, నడిపితే మాత్రం ఒక్క సౌండు కార్డూ కనిపించదు. కాన్ఫిగర్ చివర వచ్చే పట్టీలో ఆల్సా పక్కన ‘ఎస్’ ఉందో లేదో చూశాకే మేక్ కొట్టాలి.

కోఠి_సోల్డర్

తమ్మీ, పైథాన్ సంగతి తర్వాత చూద్దాం. ముందుగాల సౌండు కార్డు కనబడుతున్నదా లేదా చూడు. ఆరికార్డ్ -ఎల్ కొడితే ఏమొస్తున్నది? ‘నో సౌండ్‌కార్డ్స్ ఫౌండ్’ అని వస్తే ఎన్ని లైబ్రరీలు ఏసినా దండగ.

వైరింగ్ గిట్ల ఉండాలె. నేను చెప్పేవి బోర్డు మీది పిన్ను నంబర్లు, జీపీఐఓ నంబర్లు కావు.

మైకు: వీడీడీ 1కి, గ్రౌండ్ 6కి, ఎస్‌సీకే 12కి, డబ్ల్యూఎస్ 35కి, ఎస్‌డీ 38కి. ఎల్/ఆర్ పిన్ను గ్రౌండుకు పెట్టు, అప్పుడు ఎడమ ఛానల్ల మాట్లాడుతది. 1 నంబరు అంటే 3.3 వోల్టులు. 5 వోల్టులు ఇస్తే మైకు పోతది.

యాంప్లిఫయర్: విన్ 2కి, ఇది 5 వోల్టులు. బీసీఎల్‌కే 12కి, ఎల్ఆర్‌సీ 35కి, డిన్ 40కి. 12, 35 రెండిటికీ పొత్తులనే ఉంటయి. గెయిన్ పిన్ను ఖాళీగ వదిలేస్తే 9 డెసిబెల్స్. స్పీకరు రెండు తీగలల్ల ఏదీ గ్రౌండుకు తాకొద్దు, రెండు దిక్కుల నుంచీ యాంప్లిఫయరే నడిపిస్తది.

తీగలు జానెడు కంటె పొడుగు పెట్టకు. 48,000 హెర్ట్జ్, 32 బిట్లు, రెండు ఛానళ్లు అంటే బీసీఎల్‌కే మీద 3.072 మెగాహెర్ట్జ్ ఉరుకుతది. పొడుగు జంపర్లు, వదులు బ్రెడ్‌బోర్డు పెడితే రికార్డింగుల టిక్కు టిక్కు అంటది, మనం సాఫ్ట్‌వేర్ల తప్పు ఎతుకుతం. మైకు బోర్డు మీద ఎస్‌డీకి, గ్రౌండుకు నడుమ 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ లేకపోతే ఒకటి పెట్టు. గుజరాతీ గల్లీల ఏ దుకాణంలనైన దొరుకుతది.

పద్మజ_ఎంబెడెడ్

వైరింగ్ తర్వాత ఓవర్లే, అంటే బోర్డుకు ఏ హార్డ్‌వేర్ తగిలించామో చెప్పే సెట్టింగు. బుక్‌వార్మ్ నుంచి ఆ ఫైలు /బూట్/ఫర్మ్‌వేర్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ. పాత వ్యాసాలు చూసి /బూట్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీలో రాస్తే ఏమీ మారదు. అందులో:

డీటీపారమ్=ఐ2ఎస్=ఆన్
డీటీఓవర్లే=గూగుల్‌వాయిస్‌హ్యాట్-సౌండ్‌కార్డ్

ఈ ఒక్క ఓవర్లే మైకు, యాంప్లిఫయర్ రెండింటినీ ఒకే కార్డుగా చూపిస్తుంది. హైఫైబెర్రీ-డ్యాక్ పెడితే వాయించడమే ఉంటుంది, రికార్డింగ్ ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి శబ్దం అక్కర్లేదు కాబట్టి వీసీ4-కేఎంఎస్-వీ3డీ వరస చివర ,నోఆడియో చేర్చండి. కార్డుల పట్టీ తేలికవుతుంది.

రీబూట్ చేశాక ఆరికార్డ్ -ఎల్‌లో ఎస్‌ఎన్‌డీఆర్‌పైగూగుల్‌వాయ్ అనే పేరు కనిపించాలి.

సాయికిరణ్_ఈసీఈ

కార్డు కనిపిస్తోంది అన్నా. ఎస్‌ఎన్‌డీఆర్‌పైగూగుల్‌వాయ్, 0 నంబరు.

ఆప్ట్ దగ్గర ఆగాను. హాస్టల్ వైఫైలో ఆప్ట్ అప్‌డేట్ కొడితే ఒకసారి ‘క్లియర్‌సైన్డ్ ఫైల్ ఈజంట్ వాలిడ్, గాట్ నోస్ప్లిట్’ అంటోంది, ఇంకోసారి ‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్’ అంటోంది. రిపాజిటరీ చిరునామా మార్చాలా?

నల్లకుంట_నెట్‌వర్క్

చిరునామా ముట్టుకోవద్దు. ఆ రెండింటికీ కారణాలు వేరు.

నోస్ప్లిట్ వచ్చిందంటే ఆప్ట్ అడిగిన ఫైలు బదులు హాస్టల్ వైఫై లాగిన్ పేజీ వచ్చి కూర్చుంది. లైట్ ఓఎస్‌లో బ్రౌజరు ఉండదు కాబట్టి అక్కడ లాగిన్ అవడం కష్టం. ఫోను హాట్‌స్పాట్ పెట్టండి, దాన్ని 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టడం మరవకండి. జీరో 2 డబ్ల్యూకు 5 గిగాహెర్ట్జ్ వైఫై లేదు, హాట్‌స్పాట్ 5లో ఉంటే దాని పేరే కనిపించదు. కలపడానికి:

సుడో ఎన్‌ఎంసీఎల్ఐ డివైస్ వైఫై కనెక్ట్ పేరు పాస్‌వర్డ్ రహస్యపదం

రెండోది గడియారం సమస్య. ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్ దొరికేదాకా టైము వెనకబడి ఉంటుంది. రిపాజిటరీ సంతకం మీది తేదీ బోర్డు తేదీకి ముందుకు ఉంటే ‘ఇంకా చెల్లదు’ అంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి ‘సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్: ఎస్’ వచ్చాక ఆప్ట్ నడపండి. హాట్‌స్పాట్‌కు మారితే అదే సరిపోతుంది. కొన్ని క్యాంపస్ నెట్‌వర్కులు నెట్ నుంచి టైము తెచ్చే ఎన్‌టీపీ పోర్టు 123ను మూసేస్తాయి, మీకు వైఫై ఉన్నా టైము సరిపడకపోవడానికి అదే కారణం అయ్యుంటుంది.

సాయికిరణ్_ఈసీఈ

హాట్‌స్పాట్‌తో అన్నీ పడ్డాయి. పైఆడియో కూడా ఇంపోర్ట్ అవుతోంది. ఇప్పుడు రెండు సందేహాలు.

ఒకటి, ప్రోగ్రాం మొదలవగానే ‘అన్‌నోన్ పీసీఎం కార్డ్స్.పీసీఎం.రియర్’, ‘జ్యాక్ సర్వర్ ఈజ్ నాట్ రన్నింగ్’ అని తెర నిండా వస్తోంది. రెండు, స్ట్రీమ్ తెరవగానే ‘ఇన్‌వాలిడ్ శాంపిల్ రేట్’, -9997.

పద్మజ_ఎంబెడెడ్

మొదటివి పట్టించుకోకండి. పోర్ట్‌ఆడియో మొదలవుతూనే ఆల్సా కాన్ఫిగరేషన్‌లో ఉన్న ప్రతి పేరునూ తెరిచి చూస్తుంది. సరౌండ్, రియర్ వంటివి మీ కార్డుకు లేవు కాబట్టి ఆల్సా ఆ మాట తెర మీద రాస్తుంది. జ్యాక్ కూడా అంతే, పోర్ట్‌ఆడియోకు జ్యాక్ (ఇంకో శబ్ద సర్వర్) మద్దతు ఉంది, మీ దగ్గర జ్యాక్ సర్వర్ నడవడం లేదు. వీటిని పోగొట్టడానికని జ్యాక్ డీమన్ వేయవద్దు.

-9997 మాత్రం నిజమైన తప్పు. కార్డు ఏమేం ఇస్తుందో దాన్నే అడగండి:

ఆరికార్డ్ -డి హెచ్‌డబ్ల్యూ:0 --డంప్-హెచ్‌డబ్ల్యూ-పారమ్స్ -డి 1 /డెవ్/నల్

ఇందులో మొదటి -డి పెద్ద అక్షరం, అది డివైసు. రెండోది చిన్న అక్షరం, అది సెకన్లు. జవాబులో రేట్ 48000, ఛానల్స్ 2, ఫార్మాట్ ఎస్32_ఎల్ఈ అనే కనిపిస్తాయి. మీరు 16000, 1, ఎస్16 అడిగారు. హెచ్‌డబ్ల్యూ అని తెరిస్తే ఆల్సా ఏమీ మార్చి ఇవ్వదు, కుదరదని చెప్పేస్తుంది. ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:0 అంటే మధ్యలో మార్పిడి చేసి ఇస్తుంది. తాత్కాలికంగా అది చాలు.

తార్నాక_డీఎస్పీ

తాత్కాలికంగా మాత్రమే. మాటలు గుర్తించే పనికి ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ నేరుగా వాడితే మూడు చోట్ల నష్టం. ఇవి ఎర్రరుగా రావు, ఫలితం మాత్రం పాడవుతుంది, అందుకే కాస్త విడమరచి చెబుతాను.

మొదటిది, స్టీరియో నుంచి మోనో. ప్లగ్ రెండు ఛానళ్ల సగటు తీస్తుంది. మైకు ఎడమవైపే ఉంది, కుడివైపు ఖాళీ. సగటు తీస్తే మాట సగానికి, అంటే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రూట్_పాలసీ కాపీ అని రాస్తే ఎడమ ఛానల్‌నే తీసుకుంటుంది.

రెండోది, బిట్లు. ఐఎన్‌ఎంపీ441 సున్నితత్వం 94 డెసిబెల్స్ శబ్దానికి -26 డీబీఎఫ్ఎస్ (గరిష్ఠ స్థాయికి 26 డెసిబెల్స్ కింద). మామూలు మాట మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది, అంటే రికార్డింగులో -60 దగ్గర పడుతుంది. 16 బిట్లలో 10 బిట్లు ఊరికే పోయినట్టే. ముందు 16 బిట్లకు కత్తిరించి, తర్వాత పైథాన్‌లో గుణించి పెంచితే మాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. పెంచడం 32 బిట్ల దశలోనే జరగాలి, ఆ తర్వాతే 16కు కోయాలి.

మూడోది, 48,000 నుంచి 16,000కు దింపడం. ఆల్సాలో మామూలుగా ఉండే మార్పిడి సరళరేఖ పద్ధతి, ముందు వడపోత ఉండదు. 8,000 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దం మడతపడి మాట ఉన్న పట్టీలోకి వచ్చి పడుతుంది. ‘స’, ‘ష’, ‘శ’ దగ్గర ఇది స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్యాను గాలి చప్పుడు కూడా ఇలాగే లోపలికి వస్తుంది. లిబ్‌ఏసౌండ్2-ప్లగిన్స్ వేసి, మార్పిడిని స్పీక్స్‌రేట్_మీడియంకు మార్చండి.

మూడూ కలిపి /ఈటీసీ/ఏసౌండ్.కాన్ఫ్ (డీస్నూప్ మైకును పంచుతుంది, సాఫ్ట్‌వాల్ స్థాయి పెంచుతుంది, ప్లగ్ మార్పిడి చేస్తుంది):

డీఫాల్ట్స్.పీసీఎం.రేట్_కన్వర్టర్ "స్పీక్స్‌రేట్_మీడియం"

పీసీఎం.మైక్_మూలం {
టైప్ డీస్నూప్
ఐపీసీ_కీ 441001
స్లేవ్ {
పీసీఎం "హెచ్‌డబ్ల్యూ:కార్డ్=ఎస్‌ఎన్‌డీఆర్‌పైగూగుల్‌వాయ్,డెవ్=0"
రేట్ 48000
ఛానల్స్ 2
ఫార్మాట్ ఎస్32_ఎల్ఈ
}
}

పీసీఎం.మైక్_పెంపు {
టైప్ సాఫ్ట్‌వాల్
స్లేవ్.పీసీఎం "మైక్_మూలం"
కంట్రోల్ {
నేమ్ "మైక్ బూస్ట్ క్యాప్చర్ వాల్యూమ్"
కార్డ్ ఎస్‌ఎన్‌డీఆర్‌పైగూగుల్‌వాయ్
}
మిన్_డీబీ -3.0
మ్యాక్స్_డీబీ 30.0
}

పీసీఎం.మైక్ {
టైప్ ప్లగ్
స్లేవ్.పీసీఎం "మైక్_పెంపు"
రూట్_పాలసీ కాపీ
}

ఆల్సామిక్సర్ తెరవగానే ఈ బూస్ట్ మీట కనిపించదు. మైక్ డివైసును ఒక్కసారి ఆరికార్డ్‌తో తెరిచాకే అది పుడుతుంది. ఆ తర్వాత ఎఫ్6తో కార్డు, ఎఫ్4తో క్యాప్చర్ ఎంచుకొని పెంచండి. 20 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టండి. మైకు దగ్గర చప్పట్లు కొట్టినప్పుడు తరంగం పైన బల్లపరుపుగా కోసినట్టు అయితే తగ్గించాలి. చివర సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్ కొడితే రీబూట్ తర్వాతా ఆ స్థాయి నిలుస్తుంది.

మెహదీపట్నం_ఇమ్రాన్

ఇంత కాన్ఫిగరేషన్ ఎందుకు? పైప్‌వైర్ అనే శబ్ద సర్వర్ వేస్తే రేటు, ఛానళ్లు, పంచుకోవడం అన్నీ అదే చూసుకుంటుంది కదా. డెస్క్‌టాప్ బుక్‌వార్మ్‌లో ఎలాగూ అదే ఉంది.

తార్నాక_డీఎస్పీ

ఇమ్రాన్ భాయ్, తెర ఉండి, బ్లూటూత్ స్పీకర్లు మారుతూ ఉండి, నాలుగు అప్లికేషన్లు నడిచేచోట మీ మాటే సరి. ఇక్కడ లైట్ ఓఎస్, ఒకే మైకు, తెర లేకుండా బూట్ అవగానే నడవాల్సిన ప్రోగ్రాం. పైప్‌వైర్ మామూలుగా లాగిన్ అయిన యూజరు సెషన్‌లో నడుస్తుంది. ఎవరూ లాగిన్ కాని బోర్డులో దాన్ని నిలబెట్టాలంటే లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ (లాగిన్ లేకున్నా సెషన్ నడిపించే అమరిక) వంటివి చేయాలి. పంచుకోవడం వరకు డీస్నూప్ చాలు, రెండు ప్రోగ్రాములు ఒకేసారి మైకు వినగలవు.

మెహదీపట్నం_ఇమ్రాన్

సరే, లింగర్ విషయం ఒప్పుకుంటాను. అయితే రెండూ కలిపి పెట్టకూడదని కూడా సాయికి చెప్పండి. పైప్‌వైర్ కార్డును పట్టుకొని ఉండగా పైఆడియో నేరుగా హెచ్‌డబ్ల్యూ తెరిస్తే ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ వస్తుంది. ఎవరు పట్టుకున్నారో సుడో ఫ్యూజర్ -వి /డెవ్/ఎస్‌ఎన్‌డీ/* చెబుతుంది.

సాయికిరణ్_ఈసీఈ

ఏసౌండ్.కాన్ఫ్ పెట్టాక మాట బాగా వస్తోంది, తార్నాక అన్నా. బూస్ట్ 22 దగ్గర ఆపాను.

సీ++ మొదలుపెట్టాను. జీ++ -ఎల్‌ఏసౌండ్ మెయిన్.సీపీపీ -ఓ రికార్డర్ అంటే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌ఎన్‌డీ_పీసీఎం_ఓపెన్’. హెడరు దొరుకుతోంది, లింక్ అవడం లేదు. ఇంకొకటి, పక్కన ఒక పెద్ద లైబ్రరీ బిల్డ్ పెడితే మధ్యలో ‘ఫేటల్ ఎర్రర్: కిల్డ్ సిగ్నల్ టర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్’.

పద్మజ_ఎంబెడెడ్

లింకరు ఎడమ నుంచి కుడికి చదువుతుంది. -ఎల్‌ఏసౌండ్ ముందు వస్తే, దాని అవసరం ఇంకా ఎవరికీ పడలేదని వదిలేసి ముందుకు పోతుంది. చివర పెట్టండి:

జీ++ మెయిన్.సీపీపీ -ఓ రికార్డర్ $(పీకేజీ-కాన్ఫిగ్ --సీఫ్లాగ్స్ --లిబ్స్ ఆల్సా)

సీమేక్ వాడితే ఫైండ్_ప్యాకేజ్(ఆల్సా రిక్వైర్డ్), లింకు ఆల్సా::ఆల్సా. రేపు ఓఎస్ తర్వాతి వెర్షన్ ట్రిక్సీకి మారితే లిబ్‌ఏసౌండ్2 పేరు లిబ్‌ఏసౌండ్2టీ64 అయిందని కంగారు పడవద్దు, డెవ్ ప్యాకేజీ పేరు మారలేదు.

సీసీ1ప్లస్ చనిపోవడానికి కారణం ర్యామ్. నాలుగు కోర్లు ఉన్నాయి కదా అని మేక్ -జె4 కొడితే నాలుగు కంపైలర్లు 512 ఎంబీ కోసం కొట్టుకుంటాయి, కెర్నల్ ఒకదాన్ని చంపేస్తుంది. డీమెసేజ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ కనిపిస్తుంది. మేక్ -జె1 పెట్టండి. అదీ చాలకపోతే స్వాప్ (ఎస్‌డీ కార్డు మీద ర్యామ్‌కు తోడు చోటు) పెంచడానికి /ఈటీసీ/డీఫిస్-స్వాప్‌ఫైల్‌లో కాన్ఫ్_స్వాప్‌సైజ్=1024 చేసి, సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ డీఫిస్-స్వాప్‌ఫైల్. బిల్డ్ అయ్యాక పాత విలువకు దించండి, ఎస్‌డీ కార్డు మీద స్వాప్ ఎక్కువ రాస్తే కార్డు తొందరగా అరుగుతుంది.

ఆ లైబ్రరీ నిజంగా సోర్సు నుంచే కావాలా అన్నది ముందు చూడండి. లిబ్‌ఎస్‌ఎన్‌డీఫైల్1-డెవ్, లిబ్‌ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ3-డెవ్, లిబ్‌శాంపిల్‌రేట్0-డెవ్ అన్నీ ఆప్ట్‌లోనే ఉన్నాయి. సోర్సు నుంచి వేసినది /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో పడుతుంది, ఆ వెంటనే సుడో ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టకపోతే ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అంటుంది. ఒకే లైబ్రరీ ఆప్ట్ నుంచి ఒకటి, సోర్సు నుంచి ఒకటి ఉంటే ఏది తగులుతోందో ఎల్‌డీడీ ./రికార్డర్ చూపిస్తుంది.

ఉప్పల్_వినయ్

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, నా బోర్డు పై 4. యూనేమ్ -ఎం ఏఆర్చ్64 (64 బిట్) అంటోంది, కానీ పిప్ ప్రతిదానికీ ఏఆర్ఎంవీ7ఎల్ (32 బిట్) అంటూ పాత వీల్స్ వెతుకుతోంది. శబ్దాన్ని విశ్లేషించే లిబ్రోసా లైబ్రరీ పడటం లేదు.

నల్లకుంట_నెట్‌వర్క్

వినయ్ గారూ, యూనేమ్ చెప్పేది కెర్నల్ సంగతి. 32 బిట్ ఓఎస్‌లో కూడా పై 4 మీద కెర్నల్ 64 బిట్‌ది ఉండవచ్చు. గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్ కొట్టండి, లేదా డీప్యాకేజ్ --ప్రింట్-ఆర్కిటెక్చర్. 32, ఏఆర్ఎంహెచ్ఎఫ్ వస్తే మీది 32 బిట్ ఓఎస్. లిబ్రోసాకు నంబా, దానికి ఎల్ఎల్‌వీఎంలైట్ కావాలి, అది 32 బిట్‌లో పెద్ద తలనొప్పి. 64 బిట్ ఓఎస్ కొత్తగా రాయడమే మేలు, అక్కడ వీల్స్ సిద్ధంగా దొరుకుతాయి.

సాయికిరణ్_ఈసీఈ

సీ++ రికార్డర్ నడుస్తోంది. స్పీకరు కూడా కలిపి మోగిస్తుంటే మధ్యమధ్యలో పటపట, ఆ సమయంలో ఎస్‌ఎన్‌డీ_పీసీఎం_రైట్ఐ -32 తిరిగిస్తోంది. పైథాన్ వైపు ‘ఇన్‌పుట్ ఓవర్‌ఫ్లోడ్’, -9981.

తార్నాక_డీఎస్పీ

-32 అంటే ఈపైప్, వాయించేవైపు బఫరు ఖాళీ అయిపోయింది. ఎస్‌ఎన్‌డీ_పీసీఎం_రికవర్ పిలిచి కొనసాగించవచ్చు. అయితే అది పటపటను ఆపదు, ప్రోగ్రాం పడిపోకుండా చూస్తుందంతే. పీరియడ్ (ఒక్కో విడతకు కార్డుకు ఇచ్చే శబ్దం) 256 ఫ్రేములు పెట్టారా? 48,000 దగ్గర అది 5.3 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో మీ లూపు తిరిగి రాకపోతే ఖాళీ అవుతుంది. 1024కు పెంచి, నాలుగు పీరియడ్లు ఇవ్వండి. పీరియడ్ 21.3, మొత్తం 85 మిల్లీసెకన్లు, మాటల పనికి ఇది ఇబ్బంది కాదు. చదివే లూపులో ఎస్‌డీ కార్డుకు రాయడం, ప్రింట్ చేయడం పెట్టకండి. చదివినది ఒక క్యూలో వేసి, రాసే పని వేరే థ్రెడ్‌కు ఇవ్వండి. పైథాన్‌లో ఎక్సెప్షన్_ఆన్_ఓవర్‌ఫ్లో=ఫాల్స్ పెడితే ఎర్రరు కనిపించదు, పోయిన శబ్దం మాత్రం పోయినట్టే. దానికి బదులు కాల్‌బ్యాక్ పద్ధతి వాడండి.

కోఠి_సోల్డర్

స్పీకరు మోగినప్పుడే పటపట అంటే కరెంటు కూడ చూడాలె తమ్మీ. వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ కొట్టు. 0ఎక్స్0 వస్తే మంచిగున్నట్టు. 0ఎక్స్50005 వస్తే ఇప్పుడే వోల్టేజీ తక్కువున్నది, స్పీడు కూడ తగ్గింది. 0ఎక్స్50000 అంటే ఇప్పుడు బాగనే ఉన్నది గని బూట్ అయినంక ఎప్పుడో పడిపోయింది.

బోర్డుకు 5 వోల్టులు, 2.5 యాంపియర్ల సప్లయి కావాలె. యాంప్లిఫయర్ గట్టిగ మోగితే 4 ఓమ్‌ల స్పీకరుకు 3 వాట్ల దాక ఇస్తది, అదంత గదే మైక్రో యూఎస్‌బీ తీగ నుంచి రావాలె. ఫోను ఛార్జింగు సన్న తీగల వోల్టేజీ పడిపోతది. పొట్టిగ, మందంగ ఉన్న తీగ తీసుకో. యాంప్లిఫయర్ విన్, గ్రౌండ్ నడుమ 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టు, 10 వోల్టులు లేకపోతే 16 వోల్టులది. ప్లస్, మైనస్ చూసి పెట్టాలె.

ఎండకాలం డబ్బల మూసి డాబా మీద పెట్టెటట్టయితే వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్ కూడ చూస్తుండు. 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తనే స్పీడు తగ్గిస్తది, మళ్ల గదే పటపట మొదలైతది. డబ్బకు కింద, మీద బొక్కలు పెట్టు.

సాయికిరణ్_ఈసీఈ

0ఎక్స్50005 వచ్చింది అన్నా. తీగ మార్చి, కెపాసిటర్ పెట్టి, పీరియడ్ 1024 చేశాక 0ఎక్స్0. పటపట లేదు.

చివరిది. చేత్తో నడిపితే బాగుంది, బూట్ అవగానే తనే మొదలయ్యేలా సిస్టమ్‌డీ సర్వీసుగా పెడితే బూట్ అయ్యాక డివైసు లేదంటోంది.

పద్మజ_ఎంబెడెడ్

సర్వీసు ఫైలులో ఇవి చూసుకోండి:

ఆఫ్టర్=సౌండ్.టార్గెట్
యూజర్=మీ యూజరు పేరు
ఎగ్జెక్‌స్టార్ట్=/హోమ్/యూజరు/వీఎన్వ్/బిన్/పైథాన్ /హోమ్/యూజరు/రికార్డర్.పీవై
రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=3

ఆ యూజరు ఆడియో గ్రూపులో ఉండాలి. గ్రూప్స్ కొట్టి చూడండి, లేకపోతే సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఆడియో యూజరు, తర్వాత లాగవుట్ అయి మళ్లీ రావాలి. ఇందులో ఏ చిన్న అక్షరం, జీ పెద్ద అక్షరం. ఏ మరిచిపోతే మిగతా గ్రూపులన్నీ పోతాయి, సుడో కూడా.

ఏసౌండ్.కాన్ఫ్‌ను హోమ్ ఫోల్డరులో .ఏసౌండ్ఆర్‌సీగా పెట్టి, సర్వీసును రూట్‌గా నడిపితే అది చదవబడదు. /ఈటీసీలోనే ఉంచండి. పైఆడియోలో డివైసును 0, 1 అనే సూచికతో తెరవకండి. యూఎస్‌బీ పరికరం ఒకటి తగిలిస్తే ఆ అంకెలు మారిపోతాయి. డివైసుల పట్టీ తిరిగి ‘మైక్’ అనే పేరు ఉన్న దాని సూచిక తీసుకొని తెరవండి. ఇంకా రాకపోతే జర్నల్‌సీటీఎల్ -యు సర్వీసుపేరు -బి మొత్తం ఇక్కడ పెట్టండి, చివరి రెండు వరసలే కాకుండా.